సూరత్ పెరట్లో పాలమూరు సీతాఫలం

చెల్లీ, ఇంటి వెనక కాస్త జాగా ఉంది, ఏ పండ్ల చెట్టు పెట్టనని అడిగావు కదా. నీ మనసు ఆపిల్ మీద ఉందని తెలుసు. కానీ కొండల్లోని పాత ఆపిల్ రకాలకు చలికాలంలో ఏడు డిగ్రీల లోపు చలి దాదాపు వెయ్యి గంటలు తగలాలి. సూరత్‌లో అంత చలి ఎక్కడిది? హిమాచల్ రైతు హరిమన్ శర్మ పెంచిన హెచ్.ఆర్.ఎం.ఎన్-99 వేడికి ఓర్చుకుంటుంది, కాదనను. అయినా నాటు రకాలు పక్కపక్కన పెట్టుకుని రుచి చూడాలన్న నీ సరదా తీరాలంటే మాత్రం సీతాఫలమే పెట్టు.

మగ్గాల పని వెతుక్కుంటూ కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి సూరత్‌లోని లింబాయత్, ఉధ్నాలకు వచ్చి స్థిరపడ్డ మనవాళ్లకు ఈ పండు గురించి నేను చెప్పాలా! దసరాకు ఊరెళ్లి నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో తిరిగొచ్చేవాళ్ల సంచుల్లో సగం అవే కదా.

అందులో పాలమూరు బాలానగర్ రకం రాజా. కళ్లు పెద్దవి, గుజ్జు దిట్టం. తొక్క దగ్గర నాలుకకు పంచదార పలుకుల్లా తగిలే గరుకు ఉంటుందే, నాకదే ప్రాణం. గుజరాత్ వాళ్ల సింధన్ కూడా తెచ్చుకో, రెండూ ఒకేరోజు మాగేలా చూసి తిను. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన అర్క సహన్‌లో గింజలు తక్కువ, మాగాక నిల్వా ఎక్కువే. అయినా ఆ నాటు వాసన దానికి రాలేదనే అంటాను.

గింజ పెట్టినా మూడు నాలుగేళ్లలో కాస్తుంది కానీ, తల్లి రుచే వస్తుందన్న భరోసా లేదు. నీకు నచ్చిన రకమే కావాలంటే అంటు మొక్క తెచ్చుకో. ఇక్కడిది నల్లరేగడి. వానాకాలమంతా నీళ్లు పట్టి ఉంచుతుంది, సీతాఫలం వేళ్లకేమో నిలవ నీరు పడదు. అందుకని ఎత్తుగా మట్టి దిబ్బ పోసి దానిమీద నాటు.

పూత విరగబూసి కాయ నిలవకపోతే దిగులుపడకు. ఈ పువ్వు ముందు ఆడపువ్వులా ఉండి, తర్వాత పుప్పొడి రాలుస్తుంది. ఆ రెండింటినీ కలిపే చిన్న పురుగులు ఊళ్లో అంతగా ఉండవు. పొద్దున్నే బాగా విచ్చుకున్న పువ్వు పుప్పొడిని మెత్తటి కుంచెతో తీసి, సగం విచ్చిన పువ్వు లోపల అద్దు. పండు మీది ఒక్కో కన్నూ పువ్వులోని ఒక్కో అండాశయం. పుప్పొడి అందని వైపు కన్ను ఉబ్బదు, కాయ వంకరపోతుంది. గుండ్రటి కాయ కనిపించిందంటే చుట్టూ సరిగ్గా అందిందన్నమాట.

కళ్ల మధ్య గీతలు తెల్లబడి విచ్చుకోగానే కోసి బియ్యంలో పెట్టు, రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది. చెట్టు మీదే మాగనిస్తే పక్షులకే.

ఇంకో మాట. గింజలు నూరి పేలకు పట్టించే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర దెబ్బతింటుంది. పిల్లల తలకు అసలే వద్దు, చెల్లీ. గింజలు మట్టిలో వెయ్యి, లేదంటే పారెయ్యి.