పదిహేడో పాదసూచిక

కడప

చి. అమ్మలూ,

నువ్వు పంపిన థీసిస్ మొదటి అధ్యాయం రెండుసార్లు చదివాను. వంటింటి మాటల గురించి రాసిన పేజీలు చదువుతుంటే మా అమ్మ గొంతు వినబడింది. విషయం మీద నీకున్న ప్రేమ తెలుస్తూనే ఉంది. కానీ ముప్పై ఏళ్లు కాలేజీ లైబ్రరీలో పనిచేసినదాన్ని కదా, నా చూపు ముందు పేజీ అడుక్కే పోతుంది. అక్కడే మనసు కుదుటపడలేదు.

17వ పాదసూచికలో ‘బ్రౌన్ నిఘంటువు, 1852’ అని రాశావు. మొన్న ఫోన్లో అడిగితే, పుస్తకం చూడలేదు, షికాగో యూనివర్సిటీ వాళ్ల సైట్లో చూశానన్నావు. అమ్మా, అక్కడున్నది 1903 నాటి కూర్పు. బ్రౌన్ దొర 1884లోనే పోయాడు. ఆ తర్వాత ఎం. వెంకటరత్నం, డబ్ల్యు. హెచ్. కాంప్‌బెల్, మన కందుకూరి వీరేశలింగం కలిసి ఆ నిఘంటువును బాగా సవరించి, కాలానికి తగ్గట్టు మార్చి తెచ్చారు. నువ్వేమో అందులోని అర్థం పట్టుకుని ‘1850ల నాటికే ఈ మాట ఈ అర్థంలో వాడుకలో ఉంది’ అని తేల్చేశావు. ఆ అర్థం బ్రౌన్ రాసిందో, యాభై ఏళ్ల తర్వాత చేరిందో ఆ పేజీ చూసి చెప్పలేం. పైకి చూస్తే ఒక్క సంఖ్య తేడా. కానీ నీ వాదమంతా ఆ సంఖ్య మీదే నిలబడి ఉంది.

దాన్ని ఇలా మార్చు: బ్రౌన్, చార్లెస్ ఫిలిప్, తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు, సవరించిన రెండో కూర్పు, మద్రాసు, 1903, పుట ఫలానా. దాని తర్వాత ‘డిజిటల్ డిక్షనరీస్ ఆఫ్ సౌత్ ఏషియా, షికాగో విశ్వవిద్యాలయం’ అని, లింకు, నువ్వు చూసిన తేదీ. 1852 అని రాయాలనుంటే ఆ 1852 ప్రతిని వెతికి, తెరిచి, ఆ పుట కళ్లారా చూసి రాయి. చూసినదాన్నే చూశానని రాయాలి. ఆన్‌లైన్ ఆధారాల గురించి నేను నీకు చెప్పదలచుకున్నదంతా ఇదే. మిగతావన్నీ దీని కొమ్మలే.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక పరిశోధక విద్యార్థి ‘భారతి’ పాత సంచిక కావాలని వచ్చాడు. సంవత్సరం, నెల, పుట అన్నీ రాసుకొచ్చాడు. ఇద్దరం రెండు రోజులు బైండు పుస్తకాలు తిరగేశాం. ఆ పుటలో ఏదో కథ ఉంది. అతనికి కావలసిన వ్యాసం మూడేళ్ల తర్వాతి సంచికలో బయటపడింది. ఎవరో ఒకరు తప్పు రాస్తే, తర్వాత ఇద్దరు ముగ్గురు సంచిక చూడకుండానే ఆ సూచికను ఎత్తి తమ పుస్తకాల్లో పెట్టుకున్నారు. దుమ్ముకు ఎర్రబడ్డ కళ్లతో ఆ పిల్లాడు నవ్వలేక నవ్వాడు. నీ థీసిస్ చదివి ఆధారం వెతుక్కునే పిల్లకు ఆ గతి పట్టకూడదని నా తపన.

కాగితానికి చెదలు పడితే, లింకుకు ఇంకా తొందరగా పడుతుంది. హార్వర్డ్ లా స్కూల్ వాళ్లు 2013–14లో లెక్క తీస్తే, అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల్లో ఇచ్చిన లింకుల్లో సగం దాకా అసలు చూపించాల్సిన సమాచారాన్ని చూపించడం లేదు. మన దగ్గర డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సంగతి చూడు. దాని పాత లింకులు పట్టుకుని ఎన్నో థీసిస్‌లు రాశారు. ఆ సైటు మూతపడింది. పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి కాబట్టి బతికిపోయాం. కానీ అక్కడ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో తప్పుల తడక, సంవత్సరాన్నీ నమ్మడానికి లేదు. స్కాన్ తెరిచి ముఖపత్రం చూసి రాసుకో. ఏ వెబ్ పేజీ వాడుకున్నా, ఆ రోజే వేబ్యాక్ మెషీన్‌లో దాన్ని భద్రపరచి, ఆ లింకు కూడా ఇవ్వు. అర నిమిషం పని.

తెలుగు వికీపీడియా లింకు ఒకటి నీ పేజీలో మూడు వరుసలు పాకింది, అంతా పర్సెంటు గుర్తులే. తెలుగు అక్షరాలున్న చిరునామాను కాపీ చేస్తే ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతం తొమ్మిదేసి గుర్తులవుతాయి. వ్యాసం పక్కన ‘శాశ్వత లింకు’ అని ఉంటుంది, అది తీసుకో. నువ్వు చదివిన రోజు ఆ వ్యాసం ఎలా ఉందో అదే రూపాన్ని చూపిస్తుంది, రేపు ఎవరు దిద్దినా సరే. ఇంకో మాట, వికీపీడియా దగ్గరే ఆగకు. దాని అడుగున ఇచ్చిన మూలానికి పో, దాన్ని చదివి దాన్నే ఉదహరించు.

పత్రికల ఈ-పేపర్‌కూ వెబ్‌సైటుకూ తేడా రాయి. జిల్లా ఎడిషన్లో వచ్చిన వార్తకు ఏ జిల్లాయో, ఎన్నో పేజీయో కావాలి. పేర్ల దగ్గర కూడా జాగ్రత్త. వెల్చేరు నారాయణరావు గారిని ఒక కేటలాగు ‘రావు’ కింద పెడుతుంది, ఇంకోటి ‘నారాయణరావు’ కింద. నీ ఉపయుక్త గ్రంథసూచిలో ఆయన రెండు చోట్ల ఇద్దరు మనుషుల్లా కనిపిస్తున్నారు. ఇంటిపేరుతో మొదలుపెట్టి అంతటా ఒకేలా ఉంచు. సూచికలు రాయడానికి ఎంఎల్ఏ పద్ధతో ఏపీఏ పద్ధతో మీ గైడు గారిని అడుగు. ఏదైనా పర్వాలేదు, రెండూ కలపకు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నా. చాట్‌జీపీటీని అడిగి ఆధారాలు రాయించుకోకు. లేని పుస్తకానికి ఉన్న పుస్తకంలాంటి పేరూ, పుటా ఇచ్చేస్తుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు అలా పుట్టిన లేని కేసులను కోర్టులో చూపించి 5,000 డాలర్ల జరిమానా వేయించుకున్నారు.

గ్రంథచౌర్యం మీద యూజీసీ 2018 నిబంధనల భయం నీ ఉత్తరంలో కనిపించింది. పోలిక 10 శాతం దాటితే తిప్పలు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు, నిజమే. కానీ సాఫ్ట్‌వేర్ ఆ శాతాన్ని లెక్కపెడుతుందే గానీ, 1852కూ 1903కూ తేడా చెప్పలేదు. అది నువ్వు చూడాల్సిందే.

దసరాకు వస్తావు కదా. రెండో అధ్యాయం ప్రింటు తీసుకురా, ఫోన్లో చదవలేను. ఒకరోజు పొద్దున్నే బ్రౌన్ గ్రంథాలయానికి పోదాం. దొర బంగళా ఉన్న చోటే కట్టారు, నడిచే పోవచ్చు. 1852 కూర్పు అక్కడుందేమో అడిగి ఆ మాట చూద్దాం. లేదంటే దాని స్కాన్ ఇద్దరం కూర్చుని వెతుకుదాం. అందాకా 17వ సూచికలో 1852 అని రాయకు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

పెద్దమ్మ