చెయ్యి వేసే ముందు నడక చూడండి

గుర్రాల వెన్ను సరిచేసే నిపుణుణ్ణి అవుతానని చర్లలోనో దుమ్ముగూడెంలోనో అనిచూడండి. "ఇక్కడ గుర్రాలెక్కడున్నాయిరా?" అని నవ్వుతారు. నవ్వనివ్వండి. కానీ ప్రశ్న సబబైనదే, జవాబు దగ్గర పెట్టుకోండి: మన ఎద్దు దగ్గరే మొదలుపెట్టొచ్చు.

గుర్రానికి మెడలో 7, వీపులో 18, నడుములో 6 వెన్నుపూసలు. ఎద్దుకు 7, 13, 6. పెద్ద తేడా పక్కటెముకల దగ్గరే. ఎద్దు నడక చదవడం వచ్చినవాడికి మలక్‌పేట రేసు గుర్రం నడక పట్టుబడటానికి ఎక్కువ కాలం పట్టదు. సాయంత్రం మంద ఇంటికొచ్చేటప్పుడు వెనకాల నిలబడండి. ఏ గిట్ట నేలమీద భయంభయంగా పడుతోంది? ఏ తుంటి ఎక్కువ దిగుతోంది? చూసింది రాసిపెట్టుకోండి. ఫీజు లేని చదువు ఇది.

ఇలా చేత్తో వెన్ను సరిచేసే విద్య కైరోప్రాక్టిక్‌ను 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ మనుషుల కోసం మొదలుపెట్టారు. పశువులకు దాన్ని పద్ధతిగా నేర్పించినవారిలో షారన్ విలోబీ ముఖ్యురాలు. ఆమె ముందు పశువైద్యురాలు. కీలు మీద చేత్తో చిన్నగా, చురుగ్గా ఒత్తిడి ఇవ్వడమే ఇందులో పని. గుర్రాల వెన్నునొప్పి తగ్గుతుందని చూపిన పరిశోధనలున్నాయి గానీ, అవి కొద్దే. అద్భుతాలు అమ్మేవాళ్లకు దూరంగా ఉండండి.

ఇక్కడ ఒక మేక సంగతి చెప్పాలి. వానాకాలంలో ఉన్నట్టుండి మేక వెనక కాళ్లు పడిపోతాయి. నడుము పట్టేసిందనుకుని రుద్దేస్తాం. అసలు కారణం పశువుల కడుపులో ఉండే ఒక సన్నని పురుగు కావచ్చు. దాని పిల్లను దోమ మోసుకొచ్చి మేకలో వదిలితే, అది దారితప్పి వెన్నుపాములోకి చేరుతుంది. గుర్రానికీ ఇదే గతి, దాన్నే కుమ్రి అంటారు. ఎంత ఒత్తినా ఏం లాభం? అదే ఆవుకు వెనక కాళ్లు తూలుతూ, చొంగ కారుతోందంటే రేబిస్ కావచ్చు, చెయ్యే పెట్టకూడదు. ఇక ఎద్దు లేవగానే వెనక కాలు బిగుసుకుని, ఈడ్చి, ఒక్కసారి విదిలిస్తోందా? మోకాలి చిప్ప పైకెక్కి చిక్కుకుంది. అక్కడ మర్దన కాదు, చిప్పను పట్టి ఉంచే ఒక నరంలాంటి పట్టీని డాక్టర్ చిన్న కోతతో తెంపితే చాలాసార్లు కాలు సాఫీ అవుతుంది.

ఈ మూడింటినీ విడదీయడం రావాలంటే దగ్గరిదారి లేదు. 1984 పశువైద్య మండలి చట్టం ప్రకారం పశువుకు వైద్యం చేసే హక్కు రిజిస్టరైన డాక్టరుదే. అందుకు ఇంటర్ బైపీసీ, ప్రవేశపరీక్ష, ఐదున్నరేళ్ల పశువైద్య డిగ్రీ బీవీఎస్సీ. రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు కాలేజీలు మన తెలంగాణవే. అంత ఓపిక లేదంటే పదో తరగతి తర్వాత పాలీసెట్ రాసి రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా చేయొచ్చు. దాంతో డాక్టర్ కాలేరు గానీ, పశువు దగ్గర భయం పోతుంది, డాక్టరు పక్కన పని దొరుకుతుంది. వెన్ను మీద ప్రత్యేక శిక్షణ డిగ్రీ తర్వాతి మాట. బయటిదేశాల్లోనూ ఈ కోర్సుల్లో సాధారణంగా పశువైద్యులనో, మనుషుల కైరోప్రాక్టర్లనో మాత్రమే చేర్చుకుంటారు.

డిగ్రీ దాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. ఈసారి మీ ఊళ్లోకి 1962 నంబరు పశువైద్య బండి వస్తే, పగ్గం పట్టుకోవడానికి అందరికంటే ముందు మీరే వెళ్లండి.