మనోవ్యాధి వంశమున వచ్చునా?

ఒక గ్రామమున ఆరోగ్య ప్రదర్శన ముగిసి ప్రజలు ఇండ్లకు మరలుచుండగా, నడివయస్సు రైతు ఒకరు మావద్దకు వచ్చి నిలిచిరి. ఆయన భార్య కొన్ని యేండ్లు దిగులు జబ్బుతో బాధపడి, జిల్లా ఆసుపత్రి మందులు వాడి కోలుకొనినది. అయితే ఆ సంగతి తెలిసి, కుమార్తెకు కుదిరిన సంబంధము తప్పిపోయినది. "అయ్యా, తల్లి జబ్బు బిడ్డకు తప్పక వస్తుందంటున్నారు. రక్తం పరీక్ష చేయిస్తే తేలిపోతుందని పట్నంలో ఎవరో చెప్పారు. చేయించమంటారా?" అని ఆయన అడిగిరి.

ఆనాడు మేము చెప్పగలిగినది కొంత చెప్పితిమి. కాని ఈ ప్రశ్న ఆ ఒక్క రైతుది కాదు. పెండ్లి చూపులనాడు ఎన్నో యిండ్లలో గుసగుసగా వినవచ్చు ప్రశ్న యిది. కనుక శాస్త్రజ్ఞులు ఈ విషయమున ఏమి కనుగొనిరో, ఎచ్చట పొరపడిరో, ఆ పొరపాటును ఎట్లు దిద్దుకొనిరో పాఠకులకు వివరింప దలచితిమి.

సెరటోనిన్ అనగా నేమి?

మన శరీరమున సెరటోనిన్ అను పదార్థ మొకటి కలదు. 1948 లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరమున రాపోర్ట్, గ్రీన్, పేజ్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు దీనిని రక్తమునుండి వేరుచేసిరి. రక్తనాళములను బిగించు గుణమే మొదట వారికి కనిపించినది. ఇటలీ దేశమున ఎర్స్‌పామర్ అను పండితుడు అంతకు ముందే ప్రేగులలో కనుగొనిన పదార్థమును ఇదియే యని తరువాత తేలినది. 1953 లో బెట్టీ ట్వరోగ్ అను శాస్త్రజ్ఞురాలు, పేజ్ కలిసి ఇది మెదడులోకూడ ఉన్నదని చూపిరి.

శరీరములోని సెరటోనిన్‌లో నూటికి 90 పాళ్లు ప్రేగులలోనే యుండును. మెదడులో నుండునది బహుస్వల్పము. అయినను నిద్ర, ఆకలి, భయము, ఓర్పు, జ్ఞాపకము మున్నగు వానిలో ఆ కొంచెమునకే పాత్ర కలదు. పప్పులు, పాలు, గ్రుడ్లలో నుండు ట్రిప్టోఫాన్ అను ముడిసరుకునుండి శరీరము దీనిని తయారుచేసికొనును. ప్రేగులలోని సెరటోనిన్ మెదడులోనికి ప్రవేశింపజాలదు. మెదడు తనకు కావలసినది తానే చేసికొనవలెను.

సర్పగంధి చెప్పిన సంగతి

మనస్సునకు, ఈ పదార్థమునకు సంబంధ మున్నదను ఊహకు మన దేశపు మొక్క యొకటి కొంతవరకు కారణమైనది. అది సర్పగంధి. దాని వేరు ఉన్మాదమునకు, రక్తపుపోటునకు పనిచేయునని 1931 లో గణనాథ సేన్, కార్తిక చంద్ర బోస్ అను వంగ వైద్యులు ప్రకటించిరి. 1949 లో బొంబాయి వైద్యులు రుస్తుం వకీల్ దాని గుణమును బ్రిటిష్ వైద్యపత్రిక ద్వారా లోకమునకు చాటిరి. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు 1952 లో దానినుండి రిసర్పిన్ అను సారమును తీసిరి. ఈ రిసర్పిన్ మెదడులోని సెరటోనిన్ నిల్వలను ఖాళీ చేయుచున్నదని 1955 లో అమెరికాలో బ్రోడీ మొదలగువారు కనుగొనిరి. రక్తపుపోటునకు దానిని వాడిన రోగులలో కొందరు దిగులుపడుచున్నారని వైద్యులు వ్రాసిరి.

సరిగా ఆ కాలముననే, న్యూయార్కు ఆసుపత్రిలో క్షయరోగులకు ఇచ్చిన ఐప్రోనియాజిడ్ అను మందు, క్షయముమాట యెట్లున్నను, రోగుల మనస్సులకు ఉల్లాసము కలిగించినది. అది సెరటోనిన్ విరిగిపోకుండ ఆపునని తెలిసినది. ఒక మందు సెరటోనిన్‌ను తగ్గించగా దిగులు, వేరొక మందు నిలుపగా ఉల్లాసము! కావున దిగులు జబ్బునకు సెరటోనిన్ కొరతయే కారణమని అనేకులు తలచిరి. తలచుట సహజమే. కాని తలంపు వేరు, రుజువు వేరు.

ఏతము, దాని కొలత

మెదడులో నరకణములు ఒకదానికొకటి తగులక, నడుమ సన్నని సందు విడిచి యుండును. ఒక కణము ఆ సందులోనికి సెరటోనిన్‌ను వదలును. అది అవతలి కణమునకు వార్త నందించును. పని ముగిసిన పిదప, వదలిన కణమే దానిని మరల లోనికి తోడుకొనును. మడిలో మిగిలిన నీటిని ఏతముతో తోడి తిరిగి కాలువలో పోసినట్లు దీనిని భావించుకొనవచ్చును. ఫ్లూవాక్సిటిన్ వంటి మందులు ఈ ఏతమును నెమ్మదింపజేయును. అప్పుడు మడిలో నీరు కొంతసేపు ఎక్కువగా నిలుచును. ఫ్లూవాక్సిటిన్‌కు అమెరికాలో అనుమతి లభించినది 1987 లో.

శరీరమున ప్రతి పనిముట్టును ఎట్లు చేయవలెనో తెలుపు వ్రాతయే జన్యువు. మనకు దాదాపు ప్రతి జన్యువును రెండు ప్రతులుగా, తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటిగా లభించును. పైని చెప్పిన ఏతమును తయారుచేయు జన్యువు 17వ క్రోమోసోముపై నున్నది. దాని ప్రారంభమున ఒక భాగము కొందరిలో పొడవుగాను, కొందరిలో సుమారు 44 అక్షరములు తక్కువై పొట్టిగాను ఉండును. ప్రయోగశాలలోని కణములలో, పొడవు ప్రతి యెక్కువ ఏతములను, పొట్టి ప్రతి తక్కువ ఏతములను తయారుచేయును. ఈ పొట్టి ప్రతి వ్యాధి కాదు, లోపమును కాదు. ప్రపంచమున కోట్లాది ఆరోగ్యవంతులలో ఇది కలదు.

ఒక జన్యువు కీర్తి

1996 లో జర్మనీ శాస్త్రజ్ఞుడు లెష్, ఆయన సహచరులు 505 మందిని పరీక్షించి, పొట్టి ప్రతి గలవారు స్వభావరీత్యా కొంచెము ఎక్కువ ఆందోళనపరులని ప్రకటించిరి. అయితే మనుష్యులమధ్య ఆందోళనలో కనిపించు మొత్తము భేదములో ఈ జన్యువు వంతు నూటికి 3, 4 పాళ్లేయని వారే చెప్పిరి. 2002 లో హరిరి మొదలగువారు, పొట్టి ప్రతి గలవారు భయపడిన ముఖముల చిత్రములను చూచినప్పుడు మెదడులో భయమునకు సంబంధించిన భాగము హెచ్చుగా స్పందించుచున్నదని చూపిరి. వారు పరీక్షించినది 28 మందిని మాత్రమే.

2003 లో వచ్చిన పరిశోధనకు మిక్కిలి ప్రఖ్యాతి కలిగినది. న్యూజిలాండులోని డునెడిన్ నగరమున 1972–73 లో పుట్టిన పిల్లలను చిన్ననాటినుండి శాస్త్రజ్ఞులు విడువక పరిశీలించుచుండిరి. వారిలో 847 మంది వివరములను కాస్పీ, మోఫిట్ అనువారు తరచి చూచిరి. ఉద్యోగము పోవుట, అప్పులు, జబ్బు, ఎడబాటు వంటి కష్టములు పెక్కు వచ్చినపుడు, పొట్టి ప్రతి గలవారిలోనే దిగులు జబ్బు ఎక్కువగా కనిపించినదని వారు ప్రకటించిరి. జన్యువు ఒంటరిగా కాక, కష్టముతో కలిసి వ్యాధిని పుట్టించునను ఈ మాట అందరికి నచ్చినది. పత్రికలు దానిని వేనోళ్ల పొగడినవి.

పెద్ద పొలములో పరీక్ష

మన రైతులకు ఒక సత్యము అనుభవముచే తెలియును. ఒకరి నాలుగు సెంట్ల మడిలో ఒక యేడు బాగుగ పండిన విత్తనమును చూచి ఊరంతయు దానినే చల్లరాదు. నల్లరేగడిలోను, ఎర్రచెల్కలోను, వానలున్న యేటను, లేని యేటను, పదిమంది పొలములలో పండించి చూడవలెను. శాస్త్రమునకును ఇదే నీతి.

అట్లే చేసిరి. 2009 లో రిష్, మెరికాంగస్ మొదలగువారు 14 పరిశోధనలలోని 14,250 మంది వివరములను చేర్చి లెక్కించిరి. కష్టములు దిగులునకు కారణమగుట స్పష్టముగ కనిపించినది. పొట్టి ప్రతి ప్రభావము మాత్రము కనబడలేదు. 2018 లో 38,802 మంది వివరములతో చేసిన లెక్కలోను గట్టి ఆధారము లభింపలేదు. 2019 లో బోర్డర్ మొదలగువారు, దిగులు జబ్బునకు కారణములని పేరుపడిన 18 జన్యువులను లక్షలాది మందిలో పరీక్షించిరి. అవి, కండ్లు మూసికొని ఏరిన జన్యువులకంటె ఏమాత్రము మెరుగు కాలేదు.

సెరటోనిన్ కొరతయే దిగులునకు కారణమను మాటకుకూడ నిలుకడగల ఆధారము లేదని 2022 లో లండనునుండి వెలువడిన సమీక్ష తెలిపినది. దీనినిబట్టి మందులు వ్యర్థములని తలపరాదు. 2018 లో ప్రకటింపబడిన సమీక్షలో, 522 పరీక్షలలోని 1,16,477 మంది రోగుల ఫలితములను కూర్చి చూడగా, పరీక్షించిన 21 మందులును ఉత్తుత్తి మాత్రలకంటె మేలుగా పనిచేసినవి. తలనొప్పి మాత్ర పనిచేసినంతమాత్రమున ఆ మాత్ర కొరతవలన తలనొప్పి వచ్చినదని ఎవరును అనరుగదా!

జ్ఞాపకశక్తిమాట

ట్రిప్టోఫాన్ లేని పానీయమునిచ్చి మెదడులో సెరటోనిన్ తయారీని కొన్ని గంటలపాటు తగ్గించిన ప్రయోగములలో, క్రొత్తగా నేర్చిన మాటలను జ్ఞప్తియందుంచుకొను శక్తి కొంత తగ్గినది. కావున ఈ పదార్థమునకు నేర్పుతో సంబంధము కలదు. మరియొక విశేష మేమనగా, పొట్టి ప్రతి గలవారు అవధానమునకు సంబంధించిన కొన్ని పరీక్షలలో మెరుగుగా నుందురని 2011 లో హోంబర్గ్ అను శాస్త్రజ్ఞురాలితో కలిసి లెష్‌యే వాదించిరి. ఒకే భేదము ఒకచోట కీడుగను, వేరొకచోట మేలుగను కనబడవచ్చునని దీని భావము.

జన్యువులో అరుదుగా పెద్ద లోపము కలిగినచో మాత్రము ఫలితము వేరు. 1993 లో నెదర్లాండ్సులోని ఒక కుటుంబమున, సెరటోనిన్‌ను విరుగగొట్టు ఎంజైము జన్యువు పూర్తిగ చెడిపోయినట్లు బ్రన్నర్ కనుగొనిరి. ఆ లోపము గల పురుషులలో మందబుద్ధి, పట్టరాని ఆవేశము కనిపించినవి. అయితే ఇట్టి కుటుంబములు లోకమున మిక్కిలి అరుదు. వానినిచూచి సామాన్య సంసారములను కొలువరాదు.

మరి వంశమున ఏమియు లేదా?

కలదు. కవలలను పరిశీలించి 2000 లో వేసిన లెక్కనుబట్టి, దిగులు జబ్బు విషయమున మనుష్యులమధ్య గల భేదములో నూటికి సుమారు 37 పాళ్లు వంశగతము. తక్కినది జీవితపరిస్థితుల వంతు. తల్లికో, తండ్రికో, తోబుట్టువునకో ఈ జబ్బున్నచో, ఇతరులకంటె రెండు మూడు రెట్లు ఎక్కువగా వచ్చు అవకాశము కలదు. కాని అవకాశము వేరు, నిశ్చయము వేరు.

ఆ వంశగుణమును మోయునది ఒక్క జన్యువు కాదు. 2025 లో ప్రకటింపబడిన పరిశోధనలో, 29 దేశములకు చెందిన సుమారు 50 లక్షలమంది వివరములను చూడగా, సుమారు 700 జన్యుభేదములు దిగులు జబ్బుతో సంబంధము గలవని తేలినది. ఒక్కొక్కదాని బలము గోరంత. పెద్ద చెరువు నిండుట ఒక్క వాగువలన కాదు. వందలాది పిల్లకాలువలు, వాన, కట్ట బలము కలిసి చెరువును నింపును. వీనిలో కొన్ని కాలువలు ప్రతి యింటిలోను పారుచునే యుండును. కావున "మా వంశము శుద్ధము" అని వేలెత్తి చూపదగిన ఇల్లు లోకమున లేదు.

మందు ఒకరికి పనిచేసి మరియొకరికి పనిచేయదేల?

2006 లో అమెరికాలో సుమారు 2,000 మంది రోగులను పరిశీలించి, సెరటోనిన్ వార్తనందుకొను భాగపు జన్యుభేదమొకటి, సిటలోప్రామ్ అను మందు గుణమిచ్చుటను కొంత ప్రభావితము చేయుచున్నదని చెప్పిరి. అయితే 2023 నాటి అంతర్జాతీయ నిపుణుల మార్గదర్శకము, ఈ జన్యువునుగాని, ఏతపు జన్యువునుగాని చూచి మందు నిర్ణయించుటకు చాలినంత ఆధారము లేదని తేల్చినది.

ఉపయోగపడు జన్యువులు వేరుచోట నున్నవి. కాలేయము మందును విరుగగొట్టి బయటికి పంపును. ఆ పని చేయు ఎంజైముల జన్యువులు కొందరిలో మందకొడిగ నుండును. అట్టివారి రక్తమున మందు ఎక్కువకాలము నిలిచి, ఉపద్రవములు కలిగించును. ఇందులో ఒక ఎంజైము మందముగ నుండువారు యూరపుకంటె దక్షిణాసియా ప్రజలలో అధికము. అట్టివారికి సిటలోప్రామ్ దినమునకు 20 మిల్లీగ్రాములు మించరాదని అమెరికా ఔషధ సంస్థ నిర్ణయించినది. కొంచెము మందుకే కొందరికి తల తిరుగుటకు ఇదియు ఒక కారణము కావచ్చును. అట్టి సంగతిని దాచక వైద్యునితో చెప్పవలెను.

ఆ రైతునకు మా ప్రత్యుత్తరము

అయ్యా, మీ కుమార్తెకు జబ్బు వచ్చునో రాదో చెప్పగల రక్తపరీక్ష నేటికిని లేదు. అట్లు చెప్పెదమని సొమ్ము అడుగువారిని నమ్మకుడు. ఆమెకు ఇతరులకంటె అవకాశము కొంత యెక్కువ అన్నమాట నిజము. కాని ఆ మాట మధుమేహమునకును, రక్తపుపోటునకును చెల్లును. వానిని చూచి సంబంధములు వదలుకొనుచున్నామా? బెంగ, నిద్రలేమి, పనిపై విరక్తి రెండు వారములు దాటి నిలిచినచో ఆలస్యము చేయక వైద్యునివద్దకు పోవలెనని మాత్రము ఆమెకు చెప్పుడు. ఆ జాగ్రత్త యెరిగిన యిల్లు, ఎరుగని యింటికంటె భద్రము.

మందు గుణమిచ్చుటకు కొన్ని వారములు పట్టును. పది దినములలో విసుగుచెంది మానరాదు. బాగైనదని హఠాత్తుగ ఆపుటయు తగదు.

2015–16 లో నిమ్హాన్స్ సంస్థ 12 రాష్ట్రములలో జరిపిన పరిశీలనలో, పెద్దవారిలో నూటికి 10.6 మంది ఏదో యొక మానసిక వ్యాధితో బాధపడుచున్నట్లు తెలిసినది. అనగా పదిమందిలో ఒకరు. చికిత్స పొందుట 2017 నాటి చట్టము ప్రతి పౌరునకు ఇచ్చిన హక్కు. 2022 అక్టోబరు 10 న ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యపై రాత్రింబవళ్లు ఉచితముగ ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

డునెడిన్ పరిశోధనలో ఒక సగము నిలువలేదు. రెండవ సగము నిలిచినది. అప్పు, ఎడబాటు, అవమానము మనస్సును క్రుంగదీయునని ప్రతి లెక్కయు తేల్చినది. జన్యువులను మార్చుట మన చేతిలో లేదు. కోలుకొనిన తల్లిని, ఆమె బిడ్డను అవమానింపకుండుట మన చేతిలోనే యున్నది. ఆ సంబంధము తప్పించినవారు ఈ పుటను చదివినచో, మరియొకమారు ఆలోచింతురుగాక!