445వ పోర్టు: ఇంటిలోనికి తెరువుడు, వీధిలోనికి మూయుడు

మన నేత ఇండ్లలో ఇప్పుడు జాకార్డు డిజైన్లు, నూలు ఖాతా, బాకీల పద్దు చాలచోట్ల కంప్యూటరులోనే ఉంటున్నవి. డిజైను గీయునది ఒకటి, లెక్క వ్రాయునది మరొకటి ఉన్నచోట, ఒకదానిలోని ఫోల్డరును రెండవదానినుండి తెరచుకొనుట వాడుక. ఆ రాకపోకలు జరుగు దారి ఎట్టిదో, దానిని ఎట్లు కాపాడుకొనవలెనో తెలిసికొందము.

పోర్టు అనగా నేమి?

నెట్‌వర్కులోని ప్రతి కంప్యూటరుకు ఒక చిరునామా కలదు. ఇంటికి చిరునామా ఒకటే అయినను వాకిళ్లు పెక్కు ఉండవచ్చును గదా! అట్లే కంప్యూటరునకు 0 మొదలు 65535 వరకు అంకెలు గల వాకిళ్లు ఉన్నవి. వీనినే పోర్టులందురు. వెబ్‌సైట్లకు సాధారణముగా 80, 443. విండోస్‌లో ఫోల్డర్లను, ప్రింటర్లను పంచుకొనుటకు 445. ఈ పంచుకొను పద్ధతికి ఎస్.ఎం.బి. అని పేరు.

దీనివలన వచ్చిన ముప్పు

2017 మే 12న వన్నాక్రై అను చెడు ప్రోగ్రాము ప్రపంచమంతట వ్యాపించినది. ఎవరును దేనిని నొక్కనక్కర లేకుండగనే, ఎస్.ఎం.బి. పాత రకములోని లోపమును పట్టుకొని, 445వ పోర్టు గుండా ఒక కంప్యూటరునుండి మరొకదానికి ప్రాకినది. ఫైళ్లకు తాళము వేసి, విడుదలకు 300 డాలర్ల విలువగల బిట్‌కాయిన్ అడిగినది. సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దీని పాలబడెను. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల పని స్తంభించెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లకును ఇది సోకినది.

గమనింపదగిన సంగతి యేమనగా, ఆ లోపమునకు మరమ్మతును మైక్రోసాఫ్ట్ వారు మార్చి 14వ తేదీననే విడుదల చేసిరి. దానిని వేసికొనినవారికి ఈ దారిన ముప్పు రాలేదు.

చేయవలసిన పనులు

1. రౌటరులో పోర్ట్ ఫార్వర్డింగ్ అను చోట 445 ఉన్నచో తీసివేయుడు. పై ఊరినుండి ఫోల్డరు తెరువవలసివచ్చిన, వి.పి.ఎన్. ద్వారా తెరువుడు.

2. విండోస్ ఫైర్‌వాల్‌ను ఎన్నడును ఆపవద్దు. లాడ్జిలోను, స్టేషనులోను వైఫై కలుపునపుడు నెట్‌వర్కు రకము పబ్లిక్ అని ఉంచుడు.

3. అప్‌డేట్లు వాయిదా వేయకుడు. విండోస్ 7కు 2020 జనవరి 14తోను, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తోను సాధారణ మద్దతు ముగిసినది.

4. విండోస్ ఫీచర్స్‌లో ఎస్.ఎం.బి. 1.0 ఎదుట గుర్తు ఉన్నచో తీసివేయుడు. మిక్కిలి పాత స్కానరు దానిపై ఆధారపడి ఉండవచ్చును గనుక ముందు విచారించుడు.

5. పంచుకొను ఫోల్డరునకు పాస్‌వర్డు ఉండవలెను. చదువుట మాత్రమే అవసరమైనవారికి మార్చు అధికార మియ్యవద్దు.

6. డిజైన్లకు, పద్దులకు నకలు వేరు డిస్కులో ఉంచి, పని కాగానే దానిని ఊడదీయుడు. తగిలించియున్న డిస్కునకును తాళము పడును.

నెలల తరబడి శ్రమించి గీసిన డిజైను పోయినచో, సొమ్ము చెల్లించినను తిరిగి వచ్చునన్న పూచీ లేదు. కావున ఈ వారము మొదట నకలు తీసి, పిమ్మట రౌటరును పరీక్షింపుడు. ఇంటిలో కంప్యూటరు తెలిసిన పిల్లలుండిన, ఈ పాఠమును వారిచేత చదివించి, వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని పని ముగించుడు.