ఆ షీటుకి కత్తెర తగలనివ్వకు

హరిశ్చంద్రపురం

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. జపాన్ కుట్టు పుస్తకం వెనకున్న నమూనాల షీటు విప్పేసరికి ఒకదాని మీద ఒకటి పడిన ఆ గీతలకి కళ్లు తిరిగాయన్నావు, నా వల్ల కాదన్నావు. ఎందుకు కాదు? ఆది జాకెట్టు ఒకటి చేతికిస్తే కొలత పట్టి కటోరీ కత్తిరించేదానివి. కాస్త ఓపిక పడితే ఇదీ వస్తుంది. ముందు ఒక్కటి గుర్తుంచుకో: ఆ షీటుకి కత్తెర తగలనివ్వకు. రెండు వైపులా అచ్చు ఉంటుంది. ఇటు చొక్కా ముందుభాగం కోస్తే అటు గౌను చెయ్యి తెగిపోతుంది. పైన పల్చటి కాగితం వేసి ట్రేస్ తీసుకోవడానికే వాళ్లు దాన్ని ఇస్తారు.

1863లో అమెరికాలో బటరిక్ అనే దర్జీ సైజుల వారీగా కాగితపు నమూనాలు అమ్మడం మొదలుపెట్టాడు. అలా విడివిడిగా ఇస్తే మనకి సుఖమే. కానీ ఈ పుస్తకంలో ఉన్న డిజైన్లన్నీ, ఒక్కోటి నాలుగైదు సైజుల్లో, ఒకటి రెండు షీట్లలో పట్టాలి. అందుకే గీత మీద గీత వేస్తారు. నీ పుస్తకం వేసింది టోక్యోలోని బుంకా వాళ్లు. కెంజో, యోజి యమమోతో లాంటి డిజైనర్లు చదువుకున్న ఫ్యాషన్ కాలేజీ వాళ్లది. 1936 నుంచి 'సోఎన్' అనే పత్రిక కూడా నడిపారు. అచ్చులో అంత జాగ్రత్తగా ఉండేవాళ్లు గజిబిజిగా ఏదీ వదిలెయ్యరు. ప్రతి గీతకీ ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తు పట్టుకోవాలి, అంతే.

షీటు పరిచేముందు సైజు తేల్చుకో. 7, 9, 11, 13 అనే అంకెలు చూసి మన బజారు సైజులతో పోల్చకు. జపాన్ ప్రమాణంలో 9 అంటే ఒంటి ఛాతీ 83 సెంటీమీటర్లు, మన టేపు మీద సుమారు 32 ముప్పావు అంగుళాలు. 7కి 80, 11కి 86, 13కి 89. పుస్తకాన్ని బట్టి కాస్త మారుతుంది కాబట్టి అందులోని పట్టికే నీకు ప్రమాణం. 36 ఛాతీ ఉన్న మనిషికి 13 కూడా తక్కువే, కొన్ని పుస్తకాలు అక్కడితోనే ఆగిపోతాయి. అలాగని వదిలెయ్యకు. డిజైను పక్కన, కుట్టిన తర్వాత బట్ట ఛాతీ ఎంత వస్తుందో రాసి ఉంటుంది. అది ఒంటి కొలత కన్నా నాలుగైదు అంగుళాలు ఎక్కువుంటే లూజు సరిపోతుంది. ఈ రెండు కొలతల తేడా తెలిసినవాళ్లకి సగం పని అయిపోయినట్టే. నడుము దగ్గర 11, తుంటి దగ్గర 13 సరిపోయే మనిషైతే నడుము కింద నుంచి మెల్లగా ఒక గీత నుంచి ఇంకో గీతకి జారుకో.

ఇక ట్రేసింగ్. దీనికి తొందర పనికిరాదు. చాప తీసేసి గచ్చు మీద షీటు పరుచు. పుస్తకంలో నీ డిజైనుకి ఏ అక్షరం ఇచ్చారో, షీటు ఏ వైపో, ఎన్ని ముక్కలో ఉంటుంది. ముక్కల పేర్లు తెలియకపోతే ఫోన్ కెమెరా అనువాదం చాలు. ముందు భాగం 'మయె', వెనక 'ఉషిరొ', చెయ్యి 'సొదె', మడత మీద పెట్టాల్సిన చోట 'వా' అని ఉంటుంది. ముందు నీ ముక్క మూలలు వెతుకు. మెడ మొన, భుజం చివర, చంక కింద, అంచు: ఒక్కో మూల మీదా రంగు పెన్సిల్‌తో చుక్క పెట్టు. తర్వాత మూల నుంచి మూలకి నీ సైజు గీతనే పట్టుకుని పో. పలాస స్టేషన్ దగ్గర పట్టాలు ఎన్ని కలిసి విడిపోయినా నీ బండి నీ పట్టా మీదే పోవాలి కదా, అలా. సందేహం వచ్చినచోట వెనక్కి ఆ మూలకే వచ్చి మళ్లీ చూడు.

బటర్ పేపరు పైన వేసి, మూలల్లో బరువు పెట్టి పెన్సిల్‌తో గియ్యి. ట్రేసింగ్ వీల్ వాడితే షీటుకి చిల్లులు పడతాయి, వద్దు. సరళరేఖలకి స్కేలు. చంక, మెడ దగ్గర చేత్తో చిన్న చిన్న ముక్కలుగా గీసి కలుపు. బాణం గుర్తు పడుగు దారం వైపు. అది, జోడీ గుర్తులు, బొత్తాల చోటు, జేబు చోటు అన్నీ అప్పుడే ఎక్కించెయ్యి.

చాలామంది తప్పేది మెడ పట్టీ దగ్గర. మెడ లోపలికి మడిచే ఆ పట్టీని విడిగా గీయరు, ముందు భాగం లోపలే సన్న గీతతో చూపిస్తారు. ముందు భాగం ఒకసారి తీశాక, అదే చోట పట్టీని ఇంకో కాగితం మీద రెండోసారి తియ్యాలి. పొడుగు గౌను ముక్క షీటులో పట్టక రెండు తునకలుగా ఉండొచ్చు, గుర్తులు చూసి అతికించుకో. నాడాలు, క్రాస్ పట్టీలు కొన్నిసార్లు షీటులోనే ఉండవు. పుస్తకంలో కొలతలిస్తారు, నువ్వే గీసుకోవాలి.

ఇదంతా అయ్యాక కూడా కత్తిరించకు. షీటు గీత కుట్టు పడే గీత. మార్జిన్ అందులో లేదు. కటింగ్ బొమ్మలో ఎక్కడెంత వదలాలో సెంటీమీటర్లలో ఉంటుంది, ఎక్కువ చోట్ల 1. మెడకీ చంకకీ అంతే వదులు, వంపు దగ్గర ఎక్కువైతే బట్ట లాగేస్తుంది. ప్రక్కలకి మాత్రం మన అలవాటు ప్రకారం అంగుళం వదులు. పండక్కో పురుడికో ఒళ్లు మారితే కుట్లు విప్పుకునేది మనవాళ్లే. చేతి అంచు కింద సన్నబడితే కాగితాన్ని అంచు గీత మీద మడిచి అప్పుడు ప్రక్క కత్తిరించు, లేకపోతే మడిచాక లోపలి బట్ట చాలదు.

వాళ్ల లెక్క చాలావరకు 110 సెంటీమీటర్ల పన్నాకి, అంటే సుమారు 43 అంగుళాలు. మన చేనేత పన్నా తక్కువైతే పుస్తకంలో రాసిన మీటర్లు చాలవు. గచ్చు మీద సుద్దతో పన్నా గీసి, కాగితాలు పరిచి చూసుకున్నాకే బట్ట కొను. పొందూరు ఖద్దరుతో కుట్టాలన్న నీ ఆలోచన నాకు చాలా నచ్చింది. వాలుగ చేప దవడతో దూది ఏకి, చేత్తో సన్న నూలు వడికిన బట్ట అది, ఒక్క తునక కూడా పోకూడదు. ముందు నీళ్లలో నానబెట్టి, నీడన ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తెర. ఇంకా ముందు పాత లుంగీతో ఒకటి కుట్టి ఒంటి మీద వేసి చూడు.

ఇంకోటి. ఈ పుస్తకాల్లో చాలావాటిలో, ఇందులో డిజైన్లు కుట్టి అమ్మకూడదని రాసి ఉంటుంది. టెక్కలి షాపులో పెట్టి అమ్మే ఆలోచన ఉంటే మానుకో. నీకూ చెల్లికీ కుట్టు, పని నేర్చుకో, అమ్మేవి నీ సొంత కటింగ్‌తో చెయ్యి. 'పాటర్న్ మ్యాజిక్' పుస్తకం ఇప్పుడే కొనకు. దాంట్లో ఇలాంటి షీటు ఉండదు, బుంకా మూల నమూనా నువ్వే గీసుకుని మొదలెట్టాలి.

మొదటి ట్రేస్ పూర్తయ్యాక ఆదివారం ఇలా రా. నీ ఆది జాకెట్టు కూడా తెచ్చుకో, కాగితం మీద పరిచి ఛాతీ, భుజం, చంక సరిచూద్దాం. కాగితాలు మడత పెట్టకు, చుట్టి పట్టుకురా.

మీ పెద్దమ్మ