గుల్మార్గ్ మంచువాలులు: యాత్రకు ముందు

పాదాలకు పొడవైన పలకలు బిగించుకొని మంచుపై జారే క్రీడయే స్కీయింగ్. కాశ్మీరులో సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న గుల్మార్గ్ దీనికి ప్రసిద్ధి. 2005 నుండి ఇక్కడి రోప్‌వే యాత్రికులను అఫర్వత్ పర్వతంపై దాదాపు 3,950 మీటర్ల వరకు చేరుస్తున్నది. పైకి చేరడం సులభమే. దిగడానికి శిక్షణ కావాలి.

కొత్త మంచు పాత పొరకు అతుక్కోనప్పుడు మంచుచరియలు విరిగిపడతాయి. 2010 ఫిబ్రవరిలో ఇక్కడ అట్టి ప్రమాదంలో శిక్షణ పొందుతున్న 17 మంది సైనికులు మరణించారు.

కావున విద్యార్థులు మొదటి రోజులను శిక్షకుని వెంట దిగువ వాలులకే కేటాయించాలి. భారీగా మంచు కురిసిన వెంటనే పైకి పోరాదు, హెచ్చరికలు తెలుసుకోవాలి. అందుకై ప్రణాళికలో రెండు రోజులు అదనంగా ఉంచుకోవడం వివేకం.