అయస్కాంత తుఫానులు – ఊర్ధ్వాకాశపు గాలులు

తుఫాను అనే మాట ఉర్దూ వారికీ తెలుగు వారికీ ఉమ్మడి సొత్తు. అది వినగానే మనకు కోస్తా జిల్లాల గాలివానలు స్ఫురిస్తాయి. కాని శాస్త్రజ్ఞులు అయస్కాంత తుఫాను అన్నప్పుడు అందులో గాలి ప్రసక్తి లేదు. సూర్యుని నుండి వెలువడిన విద్యుదావేశ కణాల తాకిడికి భూమి అయస్కాంత క్షేత్రం కలత చెందడమే దాని అర్థం. 1859 సెప్టెంబరులో బొంబాయిలోని కొలాబా పరిశోధనశాల అటువంటి మహోపద్రవాన్ని నమోదు చేసింది. అయితే దిక్సూచి ముల్లు ఊగిసలాటతోనే ఈ విషయాన్ని ముగించడం సగం పాఠం చెప్పడమే. ఈ తుఫాను కూడా చివరకు నిజమైన గాలిని పుట్టిస్తుంది. ఆ గాలి వీచేది నేలపైన కాదు, నూరు కిలోమీటర్లకు ఎగువన.

ఆ ఎత్తున వాయువు అతి పలుచన. ప్రశాంత దినాలలో సూర్యుని అతినీలలోహిత కిరణాల వలన పగటివైపు వాయువు వేడెక్కి వ్యాకోచిస్తుంది. చల్లని రాత్రివైపునకు, ధ్రువాలవైపునకు సాగుతుంది. తుఫాను వేళ ధ్రువప్రాంతాలే పొయ్యిలవుతాయి. అయస్కాంత బలరేఖల వెంట చేరిన శక్తి అక్కడ బలమైన విద్యుత్ ప్రవాహాలను నడుపుతుంది. ఇస్త్రీపెట్టెలో తీగ వేడెక్కినట్లే వాటి వలన వాయువు వేడెక్కి, పైకి ఉబికి, భూమధ్యరేఖవైపు పరుగుతీస్తుంది. దాని వేగం సెకనుకు కొన్ని వందల మీటర్లు. దానికి ముందుగా బయలుదేరిన అలలు కొద్ది గంటలలోనే భూమధ్యరేఖను చేరుతాయి. నిత్యప్రసరణ బలహీనపడుతుంది, పెద్ద తుఫానులలో తలక్రిందులే అవుతుంది.

పైకి లేచిన వాయువు దిగువనుండే నత్రజని అణువులను తనతో మోసుకొస్తుంది. అవి హెచ్చిన చోట ఎలక్ట్రాన్లు త్వరగా నశిస్తాయి. షార్ట్‌వేవ్ రేడియో ప్రసారాలు చెడుతాయి. మన దేశపు దక్షిణపు కొన సమీపంగా అయస్కాంత మధ్యరేఖ పోతున్నది. దాని మీదుగా పగటివేళ తూర్పుదిశగా ఒక విద్యుద్ధార ప్రవహిస్తుంది. ధ్రువాల నుండి వచ్చిన గాలులు డైనమో వలె పనిచేసి, వ్యతిరేక విద్యుత్ క్షేత్రాన్ని కల్పించి, ఆ ధారను సన్నగిల్లజేస్తాయి. ఎక్కడో ధ్రువాన రాజుకున్న సెగ తిరునల్వేలి ఆకాశానికి తగులుతుందన్నమాట!

ఇది కేవలం పరిశోధకుల కుతూహలం కాదు. 2022 ఫిబ్రవరి 3న ఒక అమెరికన్ సంస్థ 49 ఉపగ్రహాలను సుమారు 210 కిలోమీటర్ల ఎత్తుకు ప్రయోగించింది. మరునాటి తుఫాను పెద్దదేమీ కాదు. అయినా వేడికి ఉబ్బిన వాయువు వాటిని అడ్డగించింది. అంతకుముందటి ప్రయోగాలతో పోల్చితే ఆ అడ్డు 50 శాతం వరకు హెచ్చినది. దాదాపు 40 ఉపగ్రహాలు కిందకు జారి కాలిపోయినవి. 2024 మే నెలలో అంతకంటె ఎన్నో రెట్లు తీవ్రమైన తుఫాను వచ్చి, లడఖ్‌లోని హాన్లే ఆకాశం కూడా ఎర్రబారింది.

తుఫాను తగ్గినంతనే అంతా యథాస్థితికి రాదు. వేడిలో విస్తారంగా తయారైన నైట్రిక్ ఆక్సైడ్ పరారుణ కిరణాల రూపంలో ఉష్ణాన్ని వెదజల్లుతుంది. అందుచేత ఒకటి రెండు రోజులలో ఊర్ధ్వ వాయువు తుఫానుకు ముందున్న దానికంటె చల్లబడి, మరింత పలుచన కావడం కూడా కద్దు. ఉపగ్రహాల మార్గాన్ని ముందుగా గణించేవారు ఈ చల్లదనాన్ని సైతం లెక్కలోనికి తీసుకోవలసి ఉంటుంది.